చిన్న చెవి

కౌకుంట్ల దాటినంక, గుట్ట కింద
కుర్మయ్య బోరు కాడ
సబ్బుపెట్టెంత డబ్బా బిగిస్తున్న.
నీళ్లెంత లోతుల ఉన్నయో చెప్పే డబ్బా.
స్క్రూలు నాలుగు, బ్యాటరీ ఒకటి.

"ఎన్నొద్దులొస్తది?"
"పదేండ్లు" అన్న.
తంబాకు దవడకు నెట్టి నవ్విండు.
"నా సెల్లు పొద్దుగూకేటాల్లకు సస్తది.
గిది పదేండ్లెట్ల బతుకుతది?"

నిద్రవోతది పెద్దయ్యా, గందుకే.

చెప్పుడు నా కొలువుల లేదు.
బిగించి, ఫొటో కొట్టి, బండెక్కి పోవుడే.
కానీ ఆయన గట్టు మీద కూసున్నడు,
లేసేటట్టు లేడు.

దీనికి రెండు చెవులు.
పెద్ద చెవి ఆకలిది.
టవరు మాటంతా వింటది,
విన్నంతసేపు బ్యాటరీని తాగుతది.
మునుపటి డబ్బాలల్ల అదొక్కటే ఉండె.
గడికోసారి లేసుడు,
"నన్నేమన్న పిలిచిండ్రా?" అని అడుగుడు,
లేదంటే పండుకునుడు.
లేదు, లేదు, లేదు.
లేదన్న మాట వినేతందుకే పానమంత పాయె.

ఇప్పుడు పెద్దదాన్ని పూర్తిగ పండవెట్టి
పక్కన చిన్న చెవిని కావలి వెట్టిండ్రు.
దానికి ముచ్చట్లు తెల్వవు,
ఒక్క తట్టుడే తెలుసు.
టక్, టక్‌టక్, టక్.
తన పేరంత తట్టుడు.
అది వినవడితే పెద్దదాన్ని గిచ్చి లేపుతది,
లేకుంటే ఉలకది.

కుర్మయ్య జరసేపు ఏం మాట్లాడలే.
తర్వాత స్టార్టరు డబ్బా దిక్కు చూపిచ్చిండు.
"రాత్రి కరెంటు దినాలల్ల
గీడ్నే గోనెసంచి పరుచుకొని పండుకుంటుంటి.
మొగం మీదికి బల్బు యాలాడగడితి.
కన్ను మూసినా రెప్ప మీద ఎర్రగ వడాలె.
ఉరిమినా లేవకపోతుంటి,
పందులొచ్చి శెనిగచేను తవ్వినా లేవకపోతుంటి.
గా ఎరుపు వడంగనే
శెయ్యి ముందుగాల లేసేది,
నేను ఎనకంగ లేస్తుంటి."

మళ్ల అదే గొంతుతోని:
"ఒకనాడు బల్బైతే వెలిగింది.
వచ్చినయి రెండు ఫేజులే.
నిద్రకండ్లతోని బటను నొక్కితి.
మోటరు మూలిగి, మూలిగి, పొగొచ్చింది.
పదారు వేలు."

సద్ది తెచ్చిన ఆశమ్మ అందుకుంది:
"గందుకే మా అవ్వ చెప్పేది.
రాత్రి పూట పేరు వెట్టి పిలిస్తే
మూడో పిలుపుకే పలకాలె.
ఒక్కపారి పిలిచేది మనిషి కాదు."

నేను నవ్వలే.
చిన్న చెవికి మేం నేర్పింది గూడ అదే.
గాలికొచ్చిన సప్పుడుకు, పక్కోని పిలుపుకు
లేవొద్దు.
తట్టుడంతా లెక్క సరిగుంటేనే లేవాలె.

"మేస్త్రికి గిది తెల్వకపాయె" అన్నది ఆశమ్మ.
"మూడుగొట్టంగ లారీ తెచ్చి
హారన్ కొట్టి వాడనంత లేపేది.
ఎక్కేది ఆరుగురు.
ఎక్కినోళ్లు లారీల నిద్రవోయేటోళ్లు,
ఎక్కనోళ్లు ఇండ్లల్ల తెల్లారేదాంక మేలుకునేటోళ్లు."

బిగించుడు అయింది. ఫోన్ల నుంచి పిలిచిన.
డబ్బా మెరవలే, మోగలే.
తూనీగ ఒకటి దాని మీద వాలింది.
"లేసిందా?"
"లేసింది, చెప్పింది, మళ్ల పండుకుంది."
"ఏం చెప్పింది?"
"రెండొందల పన్నెండు అడుగులు."

పోయినేడు నూట డెబ్బై అంట.
ఆయన తంబాకు ఉమిసిండు.
ఆ అంకె మీద ముగ్గురం ఏం మాట్లాడలే.

కాగితం మీద ఏలిముద్ర వెట్టుకుంట ఆశమ్మ అన్నది:
"ఇప్పుడు కరెంటు ఎప్పుడు వడితె అప్పుడుంటది.
అయినా ఈనె రెండుగొట్టంగ లేస్తడు.
చీకట్ల గోడ మీద శెయ్యి దేవులాడుతది,
ఇంట్ల స్టార్టరున్నట్టు.
పిలిచినోడు లేడు, పిలుపు లేదు.
గా చెవిని పండవెట్టేటి డబ్బా ఉంటె
ఈపారి తే బిడ్డా."

కాగితంల రాసిన:
లోతు 212. సిగ్నల్ బాగుంది.
మిగతా గడి ఒకటి ఉండె, 'వ్యాఖ్యలు' అని.
దాన్ని ఖాళీ వెట్టిన.